శేషాచలం అడవుల్లో వేసవి నాలుగు నెలలు ‘రేంజర్’లా పనిచేయొచ్చా? చేరేదెలా, నేర్చుకోవాల్సిందేమిటి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో డిగ్రీ అయిపోయిన కుర్రాడు. అమెరికా కొండ పార్కుల్లో ఎండాకాలం మాత్రం పనిచేసే వైల్డర్‌నెస్ రేంజర్ల వీడియోలు చూశాడు. వీపున సంచి, అడవిలో మకాం, రోజూ నడక. అలాంటి సీజన్ పని మన శేషాచలం కొండల్లో దొరుకుతుందా, దొరికితే దేనికి సిద్ధపడాలి అని అడుగుతున్నాడు.

దొరుకుతుంది తమ్ముడూ. కాకపోతే దాన్ని మన దగ్గర రేంజర్ అనరు. ఇక్కడ రేంజర్ అంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, ఏపీపీఎస్సీ పరీక్ష రాసి వచ్చే పర్మనెంట్ ఉద్యోగం. మీరు చూసిన పనికి దగ్గరగా ఉండేది ఫైర్ వాచర్ పని. ఫిబ్రవరి నడిమి నుంచి జూన్ నడిమి దాకా రోజుకూలి లెక్కన తీసుకుంటారు. ఎర్రచందనం కాపలాకు బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లు ఏడాది పొడుగునా ఉంటారు, వేసవిలో వాళ్లూ మంటల మీదికే వస్తారు. జంతువుల్ని చూద్దామని వచ్చేవాళ్లకు ఈ పని రెండు వారాల్లో విసుగొస్తుంది. రోజంతా చూడాల్సింది మూడింటిని: ఎండిన గడ్డి, తాగే నీళ్లు, మనుషుల అడుగులు. ఆ మూడింటి మీద మనసు పెట్టగలిగితే రండి.

అమెరికా సంగతి ముందు ముగిస్తా. మౌంట్ రెయినియర్ లాంటి పార్కుల్లో మంచు కరిగాక, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా సీజన్. తాత్కాలిక ఉద్యోగులకు ఏడాదికి 1,039 గంటలకు మించి పని ఇవ్వరు. ఆ ప్రభుత్వ పార్కు ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి, కాబట్టి ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టడమనేది లేదు. వాళ్ల పనిలో ఎక్కువ భాగం పర్మిట్లు చూడటం, బాటలు బాగుచేయడం, జనం వదిలిన చెత్తా మలమూ దించడం. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం అలాంటి అడవిలో మోటారు రంపం కూడా వాడకూడదు, ఇద్దరు పట్టుకొని లాగే చేతిరంపంతోనే బాటకు అడ్డంపడిన మాను కోస్తారు. వీడియోల్లో సూర్యోదయం కనిపిస్తుంది, ఈ పని కనిపించదు. ఇక్కడా అంతే.

ఇక మన కొండలు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కును 1989లో ప్రకటించారు, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు వచ్చింది. తలకోన, చామల, భాకరాపేట, మామండూరు, బాలపల్లె, తిరుమల తీర్థాల తట్టు అంతా ఒకే కొండల వరస. ఇక్కడ అగ్గి కాలం ఎందుకు ఫిబ్రవరిలోనే మొదలవుతుందంటే, మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తడికి బోదగడ్డి నిలువెత్తు లేస్తుంది. సంక్రాంతికి పండుబారుతుంది, శివరాత్రికి గలగలలాడుతుంది. ఆపైన జూన్‌లో జల్లులు పడేదాకా దాన్ని తడిపే నాథుడు లేడు. నవంబరులో వాన దండిగా కురిసిన ఏడాది ‘ఈసారి పచ్చగా ఉంది, భయం లేదు’ అనుకునేవాళ్లుంటారు. లెక్క తిరగబడి ఉంటుంది. వాన ఎక్కువైతే గడ్డి ఎక్కువ, గడ్డి ఎక్కువైతే మార్చిలో మంట ఎక్కువ. 2014 మార్చిలో తిరుమల అడవులు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

మంట ఎలా పుడుతుంది? దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే. ఆర్పకుండా పారేసిన బీడీ, కొత్త చిగురు కోసం మేకలవాళ్లు పెట్టే నిప్పు, తేనెపట్టుకు పొగబెట్టి వదిలేసిన కాగడా, తీర్థానికొచ్చి రాళ్లపొయ్యి పెట్టి సగం ఆర్పి వెళ్లినవాళ్లు, నడకదారి పక్క చెట్టు మొదట్లో వెలిగించిన కర్పూరం. అందుకే వాచర్ పని మంట ఆర్పడంతో మొదలవదు. తన బీట్‌లో, అంటే తనకు అప్పగించిన అడవి ముక్కలో, ఎవరెవరు, ఏ దారిన, ఏ వేళకు, దేనికి వస్తారో తెలుసుకోవడంతో మొదలవుతుంది. అంచు ఊళ్ల మేకలవాళ్లతో, యానాది పెద్దలతో మాట పొత్తు ఉన్న వాచర్‌కు మంట కబురు శాటిలైట్ కంటే ముందే అందుతుంది.

శాటిలైట్ అన్నాను కాబట్టి చెప్తున్నా. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల హెచ్చరికలు ఫోనుకు వస్తాయి. అవి రెండు రకాల సెన్సార్ల నుంచి: ఒకదాని చుక్క 375 మీటర్లు, ఇంకోదానిది కిలోమీటరు. అంటే మ్యాపులో చుక్క పడ్డచోటే మంట ఉండాలనేం లేదు, మధ్యలో ఒక వంక అడ్డమున్నా గంట నడక తేడా వస్తుంది. పైగా శాటిలైట్ రోజుకు కొన్నిసార్లే తల మీదుగా పోతుంది. అది పోయాక అంటుకున్న మంట మళ్లీ వచ్చేదాకా దానికి తెలియదు. కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎత్తైన బండ మీద ఒకరు కూర్చొని చూడాల్సిందే. మంట అప్పుడే జోరుగా ఉంటుంది, పొగ నిలువుగా లేస్తుంది. పలచటి తెల్లపొగ గడ్డిది, నల్లటి పొగ అయితే టైరో ప్లాస్టిక్కో, అంటే రోడ్డు పక్క. పొగ కనబడగానే ఫోనులో దిక్సూచితో డిగ్రీలు చదివి చెప్పండి. ఇంకో బండ మీద ఉన్నవాడు తన డిగ్రీలు చెప్తే, రెండు గీతలు కలిసినచోటే పొగ.

ఫైర్ లైన్లు. సీజన్‌లో మొదటి పని ఇదే. బాట వెంబడో గట్టు మీదో గడ్డి కోసి, మంట దాటలేని ఖాళీ చార తీయడం. ఇందులో తప్పు జరిగేది వరసలో. ముందు చారకు రెండు అంచులా మీటరు వెడల్పున మట్టి కనబడేదాకా గీకాలి. కోసిన గడ్డిని నడిమికి ఊడ్చాలి. తర్వాత తెల్లవారుజామున, మంచు తడి ఆరకముందే, నడిమి గడ్డికి నిప్పు పెట్టి దగ్గరుండి కాల్చాలి. కోసిన గడ్డిని అంచుకు నెట్టి వదిలేస్తే మనమే మంటకు మెట్టు కట్టినట్టు. తొమ్మిది దాటాక కాల్చడం మొదలుపెట్టినా అంతే, గాలి లేస్తుంది, మీరు వేసిన నిప్పే అడవిలోకి పోతుంది. వెడల్పు ఎంత అంటే, ఆకు రాలిన నేలలో ఊడ్చే చార మీటరున్నర చాలు. బోదలో అది చాలదు, గడ్డి ఎత్తుకు కనీసం రెండింతలు తీయాలి. ఒకసారి తీసి ఊరుకుంటే మార్చిలో ఆకు మళ్లీ రాలి చారను కప్పేస్తుంది, వారానికొకసారి ఊడవాలి.

మంట దగ్గర. కొత్తవాళ్లు గుర్తుంచుకోవాల్సింది వాలు సంగతి. వెలిగించిన అగ్గిపుల్ల తలను కిందికి వంచి పట్టుకుంటే మంట చేతి మీదికి ఎలా పాకుతుందో, కొండ మీద మంట అలా పైకి పాకుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపు. అందుకని మంటకు పైన, వాలు మీద నిలబడకూడదు. రెండు గట్ల మధ్య ఇరుకు గాడిలోకి అసలు దిగకూడదు, అది పొగగొట్టంలా మంటను లాక్కుంటుంది. పగలు గాలి కింది నుంచి పైకి వీస్తుంది, రాత్రి పైనుంచి కిందికి. ఈ మార్పు పొద్దు కుంకేటప్పుడు వస్తుంది, అప్పుడే మంట దిశ మారి మనుషుల్ని చుట్టుకుంటుంది. పని బాగా సాగేది రాత్రి పదికి మొదలుపెట్టి తెల్లారేదాకా. చల్లదనానికి మంట మోకాలి ఎత్తుకు దిగుతుంది, కొమ్మతో ఆరుతుంది. మధ్యాహ్నం అదే మంట మనిషెత్తు, దాని జోలికి పోకండి, ముందున్న లైను దగ్గర కాపు కాయండి.

కొమ్మతో కొట్టడంలో కూడా పద్ధతుంది. ఆకు దట్టంగా ఉన్న పచ్చి కొమ్మ, మీ భుజమెత్తు. తల మీదికి ఎత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి వెనక ఇంకో మంట మొదలవుతుంది. మోకాలి ఎత్తు నుంచి వేసి, ఒక్క క్షణం అదిమి, కాలిన నేల వైపుకు లాగాలి. వేయి, అదుము, లాగు, అంతే. ఆకు వాడిపోగానే కొమ్మ మార్చాలి. ఎప్పుడూ మంట పక్క నుంచో వెనక నుంచో రావాలి, ఎదురుగా కాదు. తప్పించుకునే దారి అంటే కాలిపోయిన నల్లనేల. అక్కడ మళ్లీ కాలడానికేమీ ఉండదు. గాలి తిరిగితే ఇంకా కాలని గడ్డిలోకి పరిగెత్తకుండా, మంట పలచగా ఉన్నచోట దాటి నల్లనేలలోకి పోవాలి. పనికి దిగేముందే అది ఎటుందో జట్టులో అందరూ వేలుపెట్టి చూపించుకోవాలి.

బ్లోయర్ ఉంటే నలుగురి పని ఒకరు చేస్తారు, కానీ అది మంట ఆర్పే యంత్రం కాదు, ఆకు ఊడ్చే యంత్రం. మంట అంచుకు ఏటవాలుగా పట్టి, ఆకునూ మంటనూ కాలినవైపుకు ఊదాలి. ఎదురుగా పడితే కొలిమికి తిత్తి కొట్టినట్టే అవుతుంది. వీపున పది కిలోల బరువు, చెవుల్లో మోత, వెనక చెట్టు విరిగినా వినబడదు. కాబట్టి బ్లోయర్ పట్టినవాడి వెనక భుజం తట్టే మనిషి ఒకడుండాలి. టూ-స్ట్రోక్ ఇంజను అయితే పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలో దాని మీదే రాసి ఉంటుంది, అంతే కలపండి. హడావుడిలో ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఆ సీజన్‌కు ఆ మిషను పోయినట్టే. ఇంధనం పోసేది ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మంటకు దూరంగా బోడిబండ మీద. బట్టల మీద ఒలికితే బట్టలు మార్చుకున్నాకే మంట దగ్గరికి. గాలి ఫిల్టరు బూడిదతో మూసుకుపోతుంది, రోజూ దులపాలి.

ఇక ఆరిందనుకున్న మంట మళ్లీ లేవడం. చూడటానికి చిన్న విషయం, సీజన్‌లో చెడేదంతా ఇక్కడే చెడుతుంది. తెల్లారేసరికి మంట ఆరింది, అందరూ అలిసిపోయారు, క్యాంపుకు వచ్చేశారు. పదకొండుకు గాలి లేచింది. అంచు పక్కనున్న ఎండుపేడలోనో, బోలు మోడులోనో నివురుగప్పిన నిప్పు రాజుకుంది. లేదా కాలుతున్న దుంగ వాలు మీద దొర్లి లైను దాటింది. కాబట్టి అంచు నుంచి లోపలికి ఇరవై ముప్పై మీటర్ల దాకా ప్రతి మోడునూ దుంగనూ చూడాలి. చేతి వెనకతట్టు దగ్గరగా పెట్టి వేడి చూడాలి, ముట్టుకోకూడదు. పొగ రాకపోయినా వేడిగా ఉంటే తవ్వి, మట్టి కలిపి చల్లార్చాలి, ఊరికే మట్టి కప్పితే లోపల కుములుతూనే ఉంటుంది. వాలు మీది దుంగల్ని అడ్డంగా కాక నిలువుగా తిప్పి, కింద రాయి పెట్టాలి. ఇద్దరు అక్కడే ఉండి మధ్యాహ్నం గాలి గడిచేదాకా చూడాలి. నన్నడిగితే మంట ఆర్పిన రాత్రి కంటే మరుసటి పగలు కాపు కాసిన ఇద్దరిదే పెద్ద పని. మెచ్చుకోలు మాత్రం వాళ్లకు రాదు.

నీళ్లు. ఏప్రిల్లో కొండ మీద నడిచే మనిషికి రోజుకు ఐదారు లీటర్లు తాగడానికే కావాలి. ఐదుగురి క్యాంపులో వంటతో కలిపి నలభై లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రోజుకు రెండు. ఎవరు మోస్తారు, ఎక్కడి నుంచి అన్నది సీజన్ మొదట్లోనే తేల్చుకోవాలి, లేకపోతే గొడవలు దీనితోనే మొదలవుతాయి. నడకకు మనిషికి నాలుగు లీటర్లు, ఒకే డబ్బాలో కాదు, రెండిట్లో, ఒకటి పగిలినా ఇంకోటి ఉంటుంది. సగం తాగేసరికి వెనక్కి తిరగాలి, ‘ఆ మలుపు దాటితే గుండం ఉంది’ అన్న మాట నమ్మి ముందుకు పోకూడదు. ఫిబ్రవరిలో నిండుగా ఉన్న గుండం ఏప్రిల్లో బురద. ప్రతి నీటి చోటునూ నెలనెలా చూసి, ఉందా లేదా అని పుస్తకంలో రాసి పెట్టుకోండి.

వంక ఎండినా ఇసుక అడుగున తడి ఉంటుంది. వంక మలుపులో, బయటి ఒడ్డు కింద, ఇసుక రంగు ముదురుగా ఉన్నచోట మోకాలి లోతు చెలమ తీయండి. మొదట ఊరిన బురదనీళ్లు తోడి పారేసి, ఊరనిచ్చి, మళ్లీ తోడి, మూడోసారి తేటవి గుడ్డలో వడకట్టండి. తర్వాత తెర్ల కాచి చల్లార్చి తాగాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. జంతువులు తాగే గుండం పక్కనే క్యాంపు పెట్టకండి, చెలమ తీసినచోట రాత్రి కూర్చోకండి. మనకంటే ముందే దాని వాసన పట్టేవాళ్లున్నారు అడవిలో.

ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లకు. చిన్న సీసాలో అందాజుగా సగం పోసి కలిపితే ఉప్పు ఎక్కువై వాంతి అవుతుంది. పొట్లం లేకపోతే లీటరు కాచిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచా కొలత. తల తిరగడం, కాళ్లు పట్టడం అయితే నీడ, నీళ్లు, విశ్రాంతి సరిపోతాయి. మనిషి తికమకగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. చల్లబరుస్తూనే కిందికి దించాలి, దించాక చల్లబరుద్దాం అనుకుంటే ఆలస్యమవుతుంది.

తిండికి మన పాత పద్ధతే మేలు. పొద్దున అంబలి, మధ్యాహ్నానికి సంగటి ముద్ద, ఊరిబిండి. సంగటి ఎండలో సాయంత్రం దాకా చెడదు, పెరుగన్నం చెడుతుంది. చెనక్కాయలూ బెల్లమూ జేబులో. బిస్కెట్లు దాహం పెంచుతాయి తప్ప బలమివ్వవు.

కాళ్లు, బట్టలు. నూలు బట్టలే, నిండు చేతులవి. పాలియెస్టర్ టీషర్టు మంట దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటుంది. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి, దిగేటప్పుడు బొటనవేళ్లు ముందుకు గుచ్చుకొని గోళ్లు నల్లబడతాయి. జిగురుతో అంటించిన అట్ట వేడి బూడిదలో ఊడిపోతుంది, కుట్టిన అట్ట కావాలి. రెండు జతల మేజోళ్లు, మధ్యాహ్నం మార్చుకోవాలి. మడమ మండినట్టు అనిపించిన నిమిషంలోనే ఆగి టేపు వేసుకోండి, పొక్కు వచ్చాక వేస్తే లాభం లేదు. దురదగొండి కాయలు ఎండి నూగు రాలే కాలమూ ఇదే. తగిలితే రుద్దకండి, గోకకండి, టేపు అంటించి పీకి, తర్వాత నీళ్లతో కడగండి. సాయంత్రం ఒళ్లంతా పిడుదుల కోసం వెతుక్కోవాలి.

జంతువుల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తా, కానీ దీన్ని సాగదీయను. ఎలుగు అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే తిండి ధ్యాసలో ఉంటే మనిషి వచ్చేది పట్టించుకోదు, దగ్గరికి పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది. పుట్టలు తవ్విన చోట్లలో, పొద్దు పొడిచే ముందూ కుంకాకా, మలుపుల దగ్గర మాట్లాడుతూ కర్ర తట్టుతూ నడవండి. ఎదురైతే పరిగెత్తకుండా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకొని మెడ వెనక చేతులు కట్టుకోవాలి. చిరుతకు వంగినవాడు, కూర్చున్నవాడు, చిన్నపిల్లవాడు ఆహారంలా కనిపిస్తారు. నిటారుగా నిలబడి, చేతులెత్తి, గట్టిగా అరుస్తూ, వీపు చూపకుండా తప్పుకోవాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఓ పాప చిరుతకు బలయ్యాక దారిలో కట్టడి పెరిగింది. పిల్లల్ని గుంపు నడుమ నడిపించమని భక్తులకు చెప్పడం వాచర్ పనిలో భాగం. చామల, భాకరాపేట తట్టు ఏనుగులుంటాయి. తాజా లద్దె కనబడితే ఆ రోజు ఆ దారి వదిలేయండి, ఫొటో కోసం ఆగకండి. రేసుకుక్కలు మనిషి జోలికి రావు.

పాముల భయం పగలు కంటే రాత్రి ఎక్కువ. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి తెలియదు. నేల మీద కాకుండా మంచం మీద, అంచులు పరుపు కింద దోపిన దోమతెరలో పడుకోండి. కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు, పసరు పోయొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా డోలీలో దించాలి. విరుగుడు ఇంజక్షను దొరికేది ప్రభుత్వాసుపత్రిలో, తిరుపతిలో అయితే రుయా. ఏ క్యాంపు నుంచి ఏ దారిన రోడ్డుకు దిగాలి, 108 ఎక్కడిదాకా రాగలదు అన్నది ముందే నడిచి చూసి పెట్టుకోవాలి.

ఎర్రచందనం. నడకలో తెగిన మోడు కనబడవచ్చు. అంచున తెల్లటి చెక్క, నడుమ ఎర్రటి చేవ. రంపపు పొడి ఇంకా తడిగా, పక్కన పడ్డ కొమ్మల ఆకు పచ్చగా ఉంటే పని జరిగి రోజో రెండు రోజులో అయింది. మోడు చుట్టుకొలత, ఎత్తు, జీపీఎస్ అంకెలు, అడుగుల గుర్తులు, పారేసిన బియ్యం సంచులు, ఏ దిక్కుకు దారి పోయిందన్నది రాసుకొని, పక్కన కత్తో కర్రో పెట్టి ఫొటో తీయండి, తొక్కి గుర్తులు చెరపకండి. మనుషులే కనబడితే ఎదురుపడకండి, అరవకండి. ఎంతమంది, ఏ దిక్కు, దుంగలు మోస్తున్నారా లేదా, ఇంతే వాకీటాకీలో చెప్పి చల్లగా వెనక్కి జరగండి. ఆయుధం లేని వాచర్ పని కబురు చేరేయడం, పట్టుకోవడం వేరేవాళ్ల పని. ఇక్కడ హీరోయిజం చూపేవాడు జట్టు మొత్తాన్ని ముప్పులో పెడతాడు.

అగ్గి కాలంలోనే తుంబురు తీర్థ ముక్కోటి వస్తుంది, ఫాల్గుణ పౌర్ణమికి. వేలమంది కొండదారిన నడుస్తారు. అక్కడ మంట కంటే ముందు వచ్చే ఇబ్బంది నీళ్లు తక్కువ తెచ్చుకున్న పెద్దవాళ్లు, ఆయాసం, గుండెదడ. తలకోనలో అయితే జలపాతం కింద పాచిపట్టిన బండల మీద జారడం. 270 అడుగుల నుంచి పడే నీళ్లను చూస్తూ కాలి కింద చూడరు. అక్కడి పర్యాటకం నేరబైలు వన సంరక్షణ సమితి చేతిలో ఉంది, గైడు పనులు ముందు ఆ ఊరివాళ్లకే, అది న్యాయం కూడా.

చేరడం ఎలా. దీనికి పేపరు ప్రకటన రాదు. మీ ఇంటికి దగ్గరలోని రేంజ్ ఆఫీసుకో, వన్యప్రాణి విభాగం వాళ్ల దగ్గరికో సంక్రాంతి అయ్యాక వెళ్లి అడగాలి. అంచు ఊళ్లవాళ్లకే మొదటి అవకాశం, దారులు తెలుసు కాబట్టి. తిరుపతి టౌను కుర్రాడికి ఉపయోగపడేవి జీపీఎస్, మ్యాపు, రిజిస్టరు చక్కగా రాయడం, అవి వచ్చని చెప్పండి. టీటీడీకి సొంత అటవీ విభాగం ఉంది, అక్కడా విచారించండి. అనుమతి లేకుండా ‘ప్రాక్టీసు’ కోసం ట్రెక్కింగ్ గుంపులతో పార్కులోకి పోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, తర్వాత ఏ ఉద్యోగానికైనా అదే అడ్డం.

డబ్బు విషయంలో ఒకటి: పనిచేసిన నెల కూలి ఆ నెలలోనే చేతికొస్తుందని లెక్కేసుకోకండి. ఇంటి ఖర్చు మూడు నెలలు నడిచే ఏర్పాటు ఉంటేనే దిగండి. ఇది జీవనాధారం అనుకుంటే నిరాశే, మెట్టు అనుకుంటే మంచిదే. మెట్టు అంటే బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్ పరీక్షలు. వాటిలో నడక పరీక్ష ఉంటుంది, నాలుగు గంటల్లో మగవాళ్లకు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 16. అంటే మగవాళ్లు కిలోమీటరు తొమ్మిదిన్నర నిమిషాల్లో నడవాలి, ఆగకుండా. చాలామంది మొదటి గంట పరిగెత్తి మూడో గంటలో పిక్కలు పట్టి కూలబడతారు. వారానికి మూడు రోజులు ఎనిమిది కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి రెండేసి పెంచుకుంటూ, అదే వేగం పట్టుకోండి. పరీక్షకు కొత్త బూట్లు వేసుకోకండి. రేంజ్ ఆఫీసర్ పరీక్షకు అన్ని డిగ్రీలూ చెల్లవు, మీది ఏ సబ్జెక్టో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

రేంజ్ ఆఫీసుకు ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు, రెండు ఫొటోలు పట్టుకెళ్లండి. అక్కడ నాలుగు విషయాలు అడగడం మర్చిపోకండి: ఏ బీట్, ఏ క్యాంపు, అక్కడ ఏప్రిల్లో నీళ్లెక్కడివి, దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు ఉందా. మూడోదానికి ‘చూద్దాం’ అని జవాబొస్తే ఆ క్యాంపులో పనిచేసిన పాత వాచర్ ఎవరో కనుక్కొని, ఆయన ఇంటికెళ్లి అడగండి.